సముద్రం నడుమ తొవ్వ



హుస్నాబాద్ బస్టాండులో నిలబడితే ఒక బస్సు కరీంనగర్ పోతుంది. ఒకటి సిద్దిపేట పోతుంది. ఇంకొకటి హనుమకొండ పోతుంది. ఇంతకుముందు పక్కవాళ్లను అడిగి ఎక్కేవారు. ఇప్పుడు బోర్డు మీరే చదువుకొని ఎక్కుతున్నారు. దారిలో వాగు వస్తే వంతెన ఉంటుంది. వంతెన లేనిచోట వాగు పొంగితే బస్సు ఆగిపోతుంది. నీళ్లు తగ్గేదాకా కూర్చోవాలె.

మన దేశంలోనే ఇంకొక బస్సు ఉంది. అది సముద్రం దాటి పోతుంది. రోడ్డు నీళ్ల ఒడ్డుకు వచ్చి ఆగుతుంది. అక్కడ పెద్ద పడవ ఉంటుంది. అటువంటి పడవను గోదావరి ఒడ్డు ఊళ్లలో పంటు అంటారు. జనం బస్సు దిగుతారు. బస్సు పంటు ఎక్కుతుంది. జనం కూడా అదే పంటు ఎక్కుతారు. అవతలి ఒడ్డున దిగి, మళ్లా బస్సెక్కి, మళ్లా రోడ్డు పడతారు. ఆ రోడ్డు పేరు అండమాన్ ట్రంక్ రోడ్డు. ఇయ్యాల ఆ రోడ్డు గురించి, అది పోయే దీవుల గురించి చెప్పుకుందాం.

గోడ మీద భారతదేశం పటం చూడండి. కుడిచేతి దిక్కు నీలం రంగు ఉంది. అది బంగాళాఖాతం. దాని అవతలి అంచున పైనుండి కిందికి సన్నగా చుక్కలు కనిపిస్తాయి. ముగ్గు కోసం పెట్టి, ఇంకా కలపని చుక్కల్లాగ ఉంటాయి. పై చుక్కలు అండమాన్ దీవులు. కింది చుక్కలు నికోబార్ దీవులు. రెంటి నడుమ 150 కిలోమీటర్ల దాకా ఉత్త సముద్రమే. చిన్నవీ పెద్దవీ కలిపి ఐదు వందలకు పైన దీవులున్నాయి. మనుషులు ఉండేవి మాత్రం 40 కూడా లేవు.

దీవి అంటే నీళ్ల మీద తేలే నేల అని కొందరు అనుకుంటారు. తేలదు. మన దిక్కు గుట్టలు చూస్తూనే ఉన్నాం కదా. ఆ గుట్టల నడుమ పల్లమంతా నీళ్లు నిండిందనుకోండి. గుట్టల తలలు మాత్రం పైకి కనిపిస్తాయి. ఒక్కొక్క తల ఒక్కొక్క దీవి. అండమాన్ కూడా అట్లాంటిదే. బర్మా దేశంలో అరకాన్ కొండలున్నాయి. ఆ కొండల వరుస సముద్రంలోకి దిగి, నీళ్ల కిందనే నడిచి, ఇక్కడ మళ్లా తల ఎత్తింది. అన్నిటికంటె ఎత్తయిన తల ఉత్తర అండమాన్‌లోని సాడిల్ పీక్. దాని ఎత్తు 732 మీటర్లు. కొంచెం దూరంలో బారెన్ దీవి ఉంది. అది నిప్పుకొండ. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న నిప్పుకొండ అదొక్కటే. అక్కడ మనుషులెవరూ ఉండరు.

అక్కడ ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మన దగ్గర పడే దానికి మూడింతలకు పైనే. ఎటు చూసినా పచ్చని అడవి. అయినా ఎండకాలం పోర్ట్ బ్లెయిర్ పట్నంలో మంచినీళ్లకు తిప్పలే. నేల వాలుగా ఉంటుంది. పడిన వాన పడినట్టే సముద్రంలోకి జారిపోతుంది. చుట్టూ నీళ్లే, బిందె మాత్రం ఖాళీ. చెరువు విలువ తెలిసిన ఊరోళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

పోర్ట్ బ్లెయిర్ ఆ దీవులకు పెద్ద పట్నం. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. చెన్నై నుండి గాని, విశాఖపట్నం నుండి గాని అక్కడికి దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలో పోతే మూడు రోజుల దాకా పడుతుంది. విమానంలో రెండు గంటలు.

ఆ పట్నంలో దిగితే మన భాష వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులన్నిటిలో కలిపి సుమారు 3 లక్షల 80 వేల మంది ఉన్నారు. వాళ్లలో 50 వేల మందికి పైగా మా భాష తెలుగు అని రాయించారు. అంటే ప్రతి నూరు మందిలో 13 మంది. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి పోయినవాళ్లు. కొందరు చేపలు పట్టేవాళ్లు. కొందరు కైకిలికి పోయి అక్కడే నిలిచినవాళ్లు. మన కరీంనగర్ దిక్కువాళ్లు బతుకుదెరువుకు బొంబాయి, భీవండి, దుబాయి పోయినట్టే వాళ్లు సముద్రం దాటి అండమాన్ పోయారు.

అయితే, ఇష్టపడి పోయినవాళ్లు తర్వాత వచ్చారు. ముందు పోయినవాళ్లు సంకెళ్లతో పోయారు.

1857లో ఇంగ్లీషువాళ్ల మీద సిపాయిలు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచినాక దొరికినవాళ్లను ఏం చేయాలె? మళ్లీ తమ ఊరు చేరకుండా ఎక్కడన్నా పారేయాలె. అందుకు అండమాన్‌ను ఎంచుకున్నారు. 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో మొదటి ఓడ చేరింది. జనం ఆ శిక్షను కాలాపానీ అన్నారు. అంటే నల్లనీళ్లు. పోయినవాడు తిరిగి వచ్చేది లేదని అర్థం.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. అప్పుడు హుస్నాబాద్ నిజాం రాజ్యంలో ఉండేది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని కూడగట్టుకొని కోఠిలోని ఇంగ్లీషువాళ్ల రెసిడెన్సీ మీదికి పోయారు. ఫిరంగుల ముందు నిలువలేకపోయారు. తర్వాత తుర్రెబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు. మౌల్వీ అల్లావుద్దీన్‌కు యావజ్జీవ శిక్ష వేసి అండమాన్ పంపారు. ఆయన తిరిగి రాలేదు. అక్కడే కన్నుమూశారు. వాళ్లు దాడి చేసిన ఆ భవనం ఉన్న చోటనే తర్వాత కోఠి ఆడపిల్లల కాలేజీ నడిచింది. ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం.

గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు జరిగినప్పుడు శిక్షపడిన గిరిజనులను కూడా అండమాన్ పంపారు. కొండ మీద పుట్టి, కొండ మీద పెరిగినవాళ్లు. వాళ్లలో ఎంతమంది అంతకుముందు సముద్రం చూసి ఉంటారు?

మొదట ఖైదీలతో అడవి కొట్టించారు. రోడ్లు వేయించారు. తర్వాత వాళ్ల చేతనే జైలు కట్టించారు. అదే సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. నడుమ ఒక గోపురం. దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లాగ ఏడు కొట్టాలు. దాదాపు 690 గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కడే మనిషి. పక్క గదిలో ఎవరున్నారో తెలియదు. ఖైదీలకు గానుగ పని ఉండేది. మన ఊళ్లలో గానుగకు ఎద్దును కట్టేవారు. అక్కడ మనిషిని కట్టారు. రోజుకు 30 పౌండ్ల కొబ్బరి నూనె తీయాలె. అంటే 13 కిలోలకు పైనే. తక్కువ పడితే దెబ్బలు. 1933లోనూ 1937లోనూ ఖైదీలు అన్నం మానేసి పోరాడారు. దేశమంతా గోల చేసింది. 1938 నాటికి రాజకీయ ఖైదీలను తిరిగి మన దేశపు జైళ్లకు తెచ్చారు. ఏడు కొట్టాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి.

మగవాళ్ల సంగతి పుస్తకాల్లో చాలా ఉంది. ఆడ ఖైదీలు కూడా ఉన్నారు. వాళ్ల కోసం వేరే జైలు ఉండేది. వాళ్ల గురించి రాసింది తక్కువ. మంచి నడత చూపిన మగ ఖైదీకి పెళ్లి చేసుకోవడానికి సర్కారు అనుమతి ఇచ్చేది. ఆడ ఖైదీల్లో ఒకరిని చేసుకోవాలె. పెళ్లయితే ఆమె జైలు దాటి బయట ఇల్లు పెట్టుకోవచ్చు. అవి మనసుపడి చేసుకున్న పెళ్లిళ్లో, నాలుగు గోడలు తప్పించుకునేందుకు చేసుకున్న పెళ్లిళ్లో ఆ ఆడోళ్లను అడిగి రాసుకున్నవారు ఎవరు? ఒక్కొక్కరిది ఒక్కొక్క రాజ్యం, ఒక్కొక్క కులం, ఒక్కొక్క మతం. వాళ్ల పిల్లలను లోకల్ బార్న్ అన్నారు. అంటే ఇక్కడనే పుట్టినవాళ్లు. ఇంట్లో అందరికీ అర్థమయ్యే మాట హిందీ ఒక్కటే. అందుకే అక్కడ అంత హిందీ నిలిచింది.

ఇంతవరకు చెప్పింది బయటినుండి పోయినవాళ్ల కథ. ఆ ఓడలు రాకముందు ఆ దీవులు ఖాళీగా లేవు.

వేల ఏండ్లుగా అక్కడ అడవి మనుషులు బతుకుతున్నారు. వాళ్లు వ్యవసాయం చేయరు. మగవాళ్లు విల్లంబులతో అడవిపందిని కొడతారు. ఆడవాళ్లు చిన్న వలలతో చేపలు పడతారు, గడ్డలు తవ్వుతారు, బుట్టలు అల్లుతారు. అన్ని తెగలూ ఒకటి కాదు. ఒకరి మాట ఒకరికి తెలియని తెగలూ ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లు గ్రేట్ అండమానీయులు అని పిలిచిన తెగలు మొదట వాళ్లతో పోరాడాయి. 1859లో విల్లంబులతో పోర్ట్ బ్లెయిర్ మీదికే వచ్చారు. ఓడిపోయారు. తర్వాత ఇంగ్లీషువాళ్లకు దగ్గరయ్యారు. దగ్గరయినాక కొత్త జబ్బులు అంటుకున్నాయి. తట్టు వచ్చింది. సుఖరోగాలు వచ్చాయి. మొదట వేలల్లో ఉన్నవాళ్లు 1901 నాటికి 625 మంది అయ్యారు. 1961 లెక్కల్లో 19 మంది మిగిలారు. బాణం దెబ్బకు, తుపాకి దెబ్బకు పోయినవాళ్లకంటె జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువ.

ఆ తెగల్లో బో అనే తెగ ఉండేది. బోవా సీనియర్ అనే ముసలమ్మ ఆ భాష తెలిసిన చివరి మనిషి. ఆమెతో ఆ భాషలో మాట్లాడేందుకు ఇంకెవరూ మిగలలేదు. ఆమె పక్షులతో మాట్లాడేదట. భాషల గురించి చదివిన అన్వితా అబ్బీ అనే ఆమె దగ్గర కూర్చొని ఆ మాటలు రాసుకున్నారు. 2010 జనవరిలో ముసలమ్మ చనిపోయింది. ఆ భాష ఇప్పుడు కాగితం మీద, రికార్డుల్లో ఉంది. నోట లేదు.

దక్షిణ అండమాన్, మధ్య అండమాన్ దీవుల పడమటి అడవుల్లో జారవా అనే తెగ ఉంది. వాళ్లు బయటివాళ్లకు దగ్గర కాలేదు. ఎవరు వచ్చినా బాణం వేశారు. అందుకే ఎక్కువమంది బతికారు అంటే తప్పులేదు. స్వాతంత్ర్యం వచ్చినాక సర్కారు వాళ్ల అడవిని వాళ్లకే కేటాయించింది. బయటివాళ్లు పోగూడదని 1956లో చట్టం చేసింది.

అదే కాలంలో సర్కారు ఆ దీవులకు జనాన్ని కూడా తీసుకుపోయింది. దేశం రెండుగా చీలినప్పుడు తూర్పు బెంగాల్ నుండి ఇల్లూ పొలమూ విడిచి వచ్చిన కుటుంబాలకు అక్కడ భూమి ఇచ్చింది. తమిళులు పోయారు. తెలుగువాళ్లు పోయారు. రాంచీ దిక్కునుండి అడవి పనికి గిరిజనులు పోయారు. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ ఊళ్లు పెరిగాయి. ఈ ఊళ్లకూ పోర్ట్ బ్లెయిర్‌కూ ఓడ ఒక్కటే దిక్కు. వానకాలం సముద్రం పొంగితే ఓడ కదలదు. కాన్పు కష్టమైతే ఒడ్డున కూర్చొని ఎదురుచూడాలె. అందుకని రోడ్డు కావాలన్నారు. అది న్యాయమైన కోరికే.

1970ల మొదట్లో రోడ్డు పని మొదలైంది. పోర్ట్ బ్లెయిర్ నుండి దక్షిణ అండమాన్, బారాటాంగ్, మధ్య అండమాన్, ఉత్తర అండమాన్ దీవుల మీదుగా డిగ్లీపూర్ దాకా, 300 కిలోమీటర్ల పైచిలుకు. నడుమ మూడు చోట్ల సన్నని సముద్రపు పాయలు అడ్డం వస్తాయి. మొదటి రెండు చోట్ల చాలా ఏండ్లు పంటు మీదనే బండ్లు దాటాయి. మూడో పాయ మీద 2000 తర్వాత వంతెన వేశారు. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చినప్పుడు ఆ వంతెన దెబ్బతిన్నది. తర్వాత బాగుచేశారు. రెండో పాయ మీద కూడా ఇటీవల దాదాపు కిలోమీటరున్నర పొడుగు వంతెన పూర్తయింది. అమెరికాలో ఫ్లోరిడా కింద కూడా ఇట్లాంటి దీవుల వరుస ఉంది. అక్కడ 1935 తుఫానులో రైలుదారి కొట్టుకుపోతే, దాని వంతెనల మీదనే 1938 నాటికి మోటారు రోడ్డు వేశారు. అక్కడి గొడవంతా నీళ్లతో, గాలితో. అండమాన్‌లో నీళ్లకంటె పెద్ద గొడవ అడవిలో వచ్చింది.

రోడ్డు జారవాల అడవి లోపలినుండి వేశారు. వాళ్లను ఎవరూ అడగలేదు. అడుగుదామన్నా వాళ్ల భాష వచ్చినవాడు లేడు. జారవాలు రోడ్డు కూలీల మీద బాణాలు వేశారు. కూలీలు చనిపోయారు. ఆ కూలీలు కూడా పొట్ట చేతపట్టుకొని పోయినవాళ్లే. పోలీసుల కాపలాతో పని సాగింది. 1980లు ముగిసేనాటికి అడవిలోనుండి బండ్లు నడిచాయి.

1996లో ఒక జారవా పిల్లవాడు కాలు విరిగి కదంతలా ఊరి దగ్గర పడి ఉన్నాడు. ఊరోళ్లు చూశారు. పోర్ట్ బ్లెయిర్ దవాఖానకు తీసుకుపోయారు. నెలల తరబడి వైద్యం చేసి, నయమైనాక అడవిలో విడిచిపెట్టారు. మరుసటి ఏడు, 1997 అక్టోబరులో జారవాలు విల్లంబులు లేకుండా ఊళ్ల దగ్గరికి వచ్చారు. అప్పటినుండి రోడ్డు మీదికి కూడా రాసాగారు.

జనం సంతోషపడ్డారు. కాని 1999లో జారవాల్లో తట్టు లేచింది. మన పిల్లలకు తట్టు టీకా వేయిస్తాం. వాళ్లకు ఆ జబ్బే కొత్త. చాలామంది జబ్బుపడి దవాఖానలో చేరారు. గ్రేట్ అండమానీయుల సంగతి తెలిసినవాళ్లకు గుండె గుభేలుమంది. కొందరు కోర్టుకు పోయారు. 2002 మే 7న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. జారవాల అడవిలో ఉన్న రోడ్డును మూసేయాలన్నది. రోడ్డు మూతపడలేదు. ఉత్తరాన ఉన్న ఊళ్ల జనానికి వేరే దిక్కు లేదని అక్కడి అధికారులు చెప్పారు.

ఆ మాటలో సగం నిజం ఉంది. డిగ్లీపూర్‌లో నొప్పులు పడుతున్న ఆడమనిషికి రోడ్డు కావాలె. మాయాబందర్‌లో వరి పండించే రైతుకు రోడ్డు కావాలె. కాని ఆ రోడ్డు మీద పోయేవాళ్లందరూ వీళ్లే కాదు. బారాటాంగ్‌లో సున్నపురాయి గుహలున్నాయి. బురద చిమ్మే బుగ్గలున్నాయి. వాటిని చూడబోతున్నామని చెప్పి, దారిలో జారవాలను చూడటానికి పోయేవాళ్లు తయారయ్యారు. బిస్కెట్లు విసిరారు. ఫొటోలు తీశారు. 2012 జనవరిలో ఒక వీడియో బయటపడింది. తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లలను ఆడమంటున్నారు. ఆ పిల్లలు ఆడుతున్నారు. ఆ మాట పోలీసువాడే అన్నాడని గోల లేచింది. మన ఇంటి ముందర బస్సు ఆపి, మన బిడ్డను ఆడమని బిస్కెట్టు చూపిస్తే మనం ఊరుకుంటామా? ఆ ఏడే చట్టాన్ని మార్చి, జైలు శిక్షలు పెంచారు. గుహలు చూడబోయేవాళ్లను సముద్రం మీదుగా పంపేందుకు వేరే పడవదారి కూడా చూపారు. దవాఖానకు పోయే బండిని, వినోదానికి పోయే బండిని ఒకటే లెక్క కట్టడం దగ్గరే అసలు తప్పు ఉంది.

2001 జనాభా లెక్కల్లో జారవాలు 240 మంది. 2011లో 380 మంది. పిల్లలు పుడుతున్నారు, నిలుస్తున్నారు. ఇది సంతోషించే సంగతి. అయినా 380 మంది అంటే ఎంత? మన దిక్కు ఒక పెద్ద పెండ్లికి అంతకంటె ఎక్కువ విస్తర్లు లేస్తాయి. ఒక్క కొత్త జబ్బు చాలు.

పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరానికి పోతే జిర్కాటాంగ్ దగ్గర గేటు ఉంది. అక్కడినుండి మొదటి పాయ దాకా దాదాపు 50 కిలోమీటర్లు జారవాల అడవి. గేటు ఎప్పుడంటే అప్పుడు తీయరు. చెప్పిన వేళకే తీస్తారు. చీకటి పడితే మూస్తారు. అందరూ కాగితాలు రాసివ్వాలె. బండ్లన్నీ ఒకటే వరుసలో, పోలీసు బండి కాపలాతో పోవాలె. గంటకు 40 కిలోమీటర్లు మించగూడదు. నడుమ ఆగగూడదు. బండి ఆపవద్దు, ఫొటో తీయవద్దు, తినేది ఇవ్వవద్దు అని బోర్డులుంటాయి. తెల్లారకముందే వరుస మొదలవుతుంది. ఆ వరుసలో కూరగాయల లారీ ఉంటుంది. సర్కారు బస్సు ఉంటుంది. బస్సులో దవాఖానకు పోయే ఆడమనిషి ఉంటుంది. శ్రీకాకుళం మాటలు ఆడుకునే కూలీలుంటారు. వెనక కార్లలో ఊళ్లు చూడవచ్చినవాళ్లుంటారు. వేళ కాగానే గేటు లేస్తుంది. అందరూ ఒకటే వరుసలో అడవిలోకి పోతారు.